బిలియన్ అంటే ఎన్ని కోట్లు? టీఎంసీ నుంచి పీపీబీ దాకా ఒక మాట లెక్క

కృష్ణకు వరద వచ్చిందంటే తెలుగు పత్రికల మొదటి పేజీల్లో రెండు మాటలు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి క్యూసెక్కులు, రెండోది టీఎంసీలు. శ్రీశైలానికి ఇన్‌ఫ్లో లక్ష క్యూసెక్కులు, సాగర్‌లో నిల్వ ఇన్ని టీఎంసీలు అని రాస్తే పొలం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ విషయం తెలిసిపోతుంది. టీ కాఫీల దగ్గర కూడా ఈ లెక్కల మీదే చర్చ నడుస్తుంది. టీఎంసీలో టీ అంటే థౌజండ్, ఎం అంటే మిలియన్, సీ అంటే క్యూబిక్. పక్కన ఉండాల్సిన ఫీట్ అనే మాటను వాడుకలో ఎప్పుడో వదిలేశాం. మొత్తం కలిపితే వెయ్యి మిలియన్ ఘనపు అడుగులు. వెయ్యి మిలియన్లంటే ఒక బిలియన్. అంటే బిలియన్ అన్న మాట తెలుగువాళ్లకు స్టాక్ మార్కెట్ వార్తలతోనో, అమెరికా ఉద్యోగాలతోనో కొత్తగా వచ్చిందేమీ కాదు. మన కాలువల్లో దశాబ్దాలుగా పారుతోంది, కాకపోతే వేరే పేరుతో.

మరి ఇంజనీర్లు సూటిగా బిలియన్ ఘనపు అడుగులు అనకుండా వెయ్యి మిలియన్ అని ఎందుకన్నారు? ఆ రోజుల్లో, ముఖ్యంగా బ్రిటిష్ పద్ధతిలో చదువుకున్నవాళ్లకు, బిలియన్ అంటే వెయ్యి మిలియన్ కాదు. పది లక్షల మిలియన్లు. మన లెక్కలో లక్ష కోట్లు. ఇవాళ బిలియన్ అంటే వంద కోట్లు అని అందరూ అనుకుంటున్నాం గానీ, ఈ మాటకు రెండు అర్థాలు ఉండేవి. కొన్ని దేశాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఈ రెండింటి మధ్య తేడా వెయ్యి రెట్లు.

ఈ గందరగోళం పుట్టింది ఫ్రాన్స్‌లో. నికొలా షుకే అనే ఫ్రెంచి గణితజ్ఞుడు 1484లో రాసిన గ్రంథంలో పెద్ద సంఖ్యలకు వరసగా పేర్లు పెట్టాడు. మిలియన్‌ను మిలియన్‌తో గుణిస్తే బిలియన్. దాన్ని మళ్లీ మిలియన్‌తో గుణిస్తే ట్రిలియన్. లాటిన్‌లో బి అంటే రెండు, ట్రి అంటే మూడు. మిలియన్‌ను ఎన్నిసార్లు వేసి గుణించామో పేరులోనే తెలిసిపోతుంది. చాలా పద్ధతిగా ఉన్న ఏర్పాటు ఇది. ఇందులో బిలియన్ అంటే ఒకటి పక్కన 12 సున్నాలు, ట్రిలియన్ అంటే 18 సున్నాలు వస్తాయి.

తర్వాతి శతాబ్దాల్లో అంకెల్ని మూడేసి చొప్పున విడదీసి కామాలు పెట్టే అలవాటు బలపడింది. ఫ్రాన్స్‌లోనే కొందరు ఒక్కో మూడంకెల గుంపుకు ఒక్కో కొత్త పేరు వాడడం మొదలుపెట్టారు. వెయ్యి మిలియన్లకు బిలియన్, వెయ్యి బిలియన్లకు ట్రిలియన్ అన్నారు. ఈ పద్ధతిలో పేరుకూ లెక్కకూ సంబంధం తెగిపోయింది. బిలియన్‌లోని రెండు దేనికి రెండో, ట్రిలియన్‌లోని మూడు దేనికి మూడో సూటిగా చెప్పలేం. అయినా కామాలతో చదువుకోవడానికి సులువుగా ఉండడంతో నిలబడింది. అమెరికా దీన్నే తీసుకుంది. బ్రిటన్ మాత్రం పాత పద్ధతిని పట్టుకునే ఉంది. చిత్రమేమిటంటే, అమెరికాకు ఈ కొత్త లెక్కను అందించిన ఫ్రాన్స్ తానే 20వ శతాబ్దం మధ్యలో వెనక్కి తిరిగింది. 1961లో ప్రభుత్వ ఉత్తర్వుతో పాత పద్ధతినే ఖాయం చేసుకుంది.

బ్రిటన్‌లో ఈ వ్యవహారం పార్లమెంటు దాకా వెళ్లింది. మంత్రులు బిలియన్ అన్నప్పుడు పాత బ్రిటిష్ అర్థంలోనే, అంటే మిలియన్ మిలియన్లు అనే అర్థంలోనే వాడేలా చూస్తారా అని ఒక సభ్యుడు ప్రశ్న వేశారు. 1974 డిసెంబరు 20న ప్రధాని హెరాల్డ్ విల్సన్ చూడనని జవాబిచ్చారు. ప్రపంచమంతా బిలియన్‌ను వెయ్యి మిలియన్లుగా వాడుతోంది కాబట్టి బ్రిటిష్ మంత్రులు వేరేలా వాడితే అయోమయమే మిగులుతుందన్నారు. అయితే తమ దేశంలో కొందరు దాన్ని ఇంకా పాత అర్థంలో తీసుకునే వీలుందని కూడా ఒప్పుకున్నారు. అర్థం విషయంలో సందేహం మిగలకుండా మాట్లాడమని సహచరులకు చెబుతానన్నారు. ఆ తర్వాత ప్రభుత్వ లెక్కల్లోనూ, మెల్లగా పత్రికల్లోనూ అమెరికా అర్థమే స్థిరపడింది. ఇవాళ ఇంగ్లీషులో బిలియన్ అంటే ఎక్కడైనా ఒకటి పక్కన తొమ్మిది సున్నాలే. 1974కు ముందు బ్రిటన్‌లో అచ్చయిన పుస్తకమో నివేదికో చేతికొస్తే మాత్రం, అందులో బిలియన్ ఏ అర్థంలో ఉందో చూసుకున్నాకే ముందుకు పోవాలి.

ఇప్పుడు మళ్లీ కృష్ణ దగ్గరికి వద్దాం. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ నివేదిక వచ్చింది 1973 డిసెంబరులో, అంటే విల్సన్ జవాబుకు దాదాపు ఏడాది ముందు. నదిలో 75 శాతం విశ్వసనీయతతో, అంటే నూటికి 75 ఏళ్లు దొరికే లెక్కన, 2,060 టీఎంసీల నీళ్లున్నాయని తేల్చి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. ఆ తర్వాత తిరుగు ప్రవాహాల (పొలాలకు వాడాక మళ్లీ నదిలోకి చేరే నీళ్ల) లెక్కతో మన వాటా 811 అయింది. ఇదే పంపకాన్ని బిలియన్ ఘనపు అడుగులు అన్న మాటతో రాసి ఉంటే? కొత్త అర్థంలో ఒక బిలియన్ అంటే ఒక టీఎంసీ. పాత బ్రిటిష్ అర్థంలో అదే ఒక బిలియన్ అంటే వెయ్యి టీఎంసీలు. ఒక రాష్ట్రం మొత్తం వాటా కంటే ఎక్కువ. నదీజలాల తగాదాలో ఒక్కో టీఎంసీ కోసం ఏళ్ల తరబడి వాదించుకునే చోట ఇలాంటి మాటకు తావిస్తే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. వెయ్యి మిలియన్ అని విడదీసి చెప్పడంలో ఏ దేశంవాళ్లకైనా ఒకటే లెక్క వస్తుంది. వినడానికి మొరటుగా ఉన్నా పని చేసిన మాట అది. ఇప్పటికీ మార్చాల్సిన అవసరం కనిపించదు.

టీఎంసీ పుణ్యమా అని బిలియన్ ఎంత పెద్దదో కంటికి ఆనేలా చూసుకునే వీలు కూడా తెలుగు రాష్ట్రాలవాళ్లకు ఉంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు. రోజుకు 86,400 సెకన్లు. లక్ష క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా ఆగకుండా వస్తే 864 కోట్ల ఘనపు అడుగులు, అంటే 8.64 టీఎంసీలు. అందుకే డ్యామ్ దగ్గర ఉద్యోగులు లక్ష క్యూసెక్కులంటే రోజుకు ఎనిమిదిన్నర టీఎంసీలని నోటి లెక్కగా చెప్పేస్తారు. తిరగేస్తే, ఒక్క టీఎంసీ నిండడానికి రోజంతా సుమారు 11,574 క్యూసెక్కులు రావాలి. ఒక టీఎంసీ నీటిని చదునైన నేల మీద అడుగు లోతున నిలబెడితే దాదాపు 23 వేల ఎకరాలు మునుగుతాయి. లీటర్లలో చెబితే సుమారు 2,832 కోట్లు. కేంద్ర జల సంఘం నివేదికల్లో కనిపించే బీసీఎం కూడా బిలియనే, కానీ అది ఘనపు మీటర్లలో. ఒక బీసీఎం దాదాపు 35.3 టీఎంసీలకు సమానం. రెంటిలోనూ బిలియన్ ఒకటే, కొలత మారింది. ఢిల్లీ నివేదికలోని బీసీఎంను టీఎంసీగా చదివితే ప్రాజెక్టు ఉన్నట్టుండి 35 రెట్లు చిన్నదైపోతుంది.

ఐరోపాలో చాలా దేశాలు ఇప్పటికీ పాత పద్ధతిలోనే ఉన్నాయి. జర్మన్‌లో వంద కోట్లను మిలియార్డె అంటారు. వాళ్ల బిలియోన్ మన లక్ష కోట్లు. ఫ్రెంచిలోనూ అంతే, మిలియార్ అన్నది వంద కోట్లు. స్పానిష్‌వాళ్లు మామూలుగా వెయ్యి మిలియన్లు అనే అంటారు, మన టీఎంసీలోలాగే. రష్యన్‌లో వంద కోట్లకు మిలియార్డ్ అనే మాట ఉన్నా, దాని పైమెట్టు ట్రిలియన్ మాత్రం అమెరికా లెక్కతో కలుస్తుంది. పోర్చుగల్, బ్రెజిల్ మాట్లాడేది ఒకే భాష. బిలియన్ దగ్గర మాత్రం బ్రెజిల్‌ది తొమ్మిది సున్నాల లెక్క, పోర్చుగల్‌ది పన్నెండు సున్నాల లెక్క. జర్మనీకి చదువులకు వెళ్లే తెలుగు విద్యార్థులు ఈ మధ్య బాగా పెరిగారు. అక్కడి పత్రికల్లో బడ్జెట్ వార్త చదివేటప్పుడు ఇంగ్లీషు అలవాటుతో బిలియోన్‌ను బిలియన్ అనుకుంటే వెయ్యి రెట్ల తేడా వస్తుంది. రెండు మాటలూ ఒకేలా వినిపించడమే అక్కడ ప్రమాదం.

ఇంత దూరం ఎందుకు, మన సంఖ్యల పేర్లు మాత్రం కదలకుండా ఉన్నాయా? లేవు. అర్బుదం అన్న మాటనే చూడండి. యజుర్వేద సంహితల్లోని సంఖ్యల వరసలో అది కోటి స్థానంలో ఉంది. ఆర్యభటుడి వరసలో కోటి తర్వాతి మెట్టుకు, అంటే పది కోట్లకు చేరింది. భాస్కరాచార్యుడి లీలావతిలోనూ పది కోట్లే. అదే మాట హిందీలో అరబ్‌గా మారి వంద కోట్లయింది. హిందీ పత్రికలు, నేపాల్ ప్రభుత్వ లెక్కలు ఇవాళ్టికీ బిలియన్‌కు బదులు అరబ్ అనే రాస్తాయి. లీలావతిలో వెయ్యి కోట్లుగా ఉన్న ఖర్వం అటువైపు ఖరబ్ అయి పదివేల కోట్లకు ఎదిగింది. ఏ సంఖ్య పేరైనా ఒక కాలంలో, ఒక చోట నలుగురూ ఒప్పుకున్నంత వరకే దాని విలువ. షుకే బిలియన్‌కు పట్టిన గతే మన అర్బుదానికీ పట్టింది.

తెలుగు వాడుకలో అర్బుదం నిలవలేదు గానీ బిలియన్‌కు సరిగ్గా సరిపోయే మాట మనకు ఎప్పటినుంచో ఉంది. అది శతకోటి. శతకోటి దరిద్రాలకు అనంతకోటి ఉపాయాలు అనే సామెతలో ఉన్నది ఇదే. ఎవరినైనా తేలిగ్గా తీసిపారేయాలంటే శతకోటి లింగాల్లో బోడిలింగం అంటాం. వంద కోట్లు, అంటే ఒక బిలియన్. అయితే సామెతల్లో, మొక్కుల్లో, వందనాల్లో దీన్ని లెక్కపెట్టలేనంత అనే అర్థంలో వాడుకుంటూ వచ్చాం. దాంతో కచ్చితమైన సంఖ్యగా దాని బలం తగ్గింది. వార్తలో శతకోటి డాలర్లు అని రాస్తే చదివేవాళ్లకు ‘బోలెడు’ అనిపిస్తుందే తప్ప, వంద కోట్లని వెంటనే తట్టదు. అందువల్ల మామూలు రాతలో ‘వంద కోట్లు’ అనడమే మంచిది.

ఈ శతకోటి నుంచి వచ్చిన శతకోటీశ్వరుడు అనే మాట మీద కొంచెం ఆగాలి. ఇంగ్లీషు బిలియనీర్‌కు ఇది అక్షరాలా సరిపోయిన అనువాదం. కానీ బిలియనీర్ అని పిలిచేది వంద కోట్ల డాలర్ల ఆస్తి ఉన్నవాళ్లను. డాలరు 85 రూపాయల చొప్పున వేసుకున్నా అది 8,500 కోట్ల రూపాయలు. శతకోటీశ్వరుడు అనగానే తెలుగు పాఠకుడు వంద కోట్ల రూపాయల ఆసామి అనుకుంటాడు. ఊరికి దగ్గర్లో పెద్ద రియల్ ఎస్టేట్ వ్యాపారి పేరు గుర్తొస్తుంది. నిజానికి అలాంటివాళ్లను 85 మందిని కలిపితే గానీ ఒక బిలియనీర్ కాడు. పదం అందంగా కుదిరినా అర్థం తప్పుదారి పట్టిస్తోంది. ఇక్కడ ‘డాలర్ బిలియనీర్’ అని రాసి, పక్కనే రూపాయల్లో విలువ ఇవ్వడమే నిజాయితీ అయిన పని.

వార్తల అనువాదంలో ఇలాంటి తప్పులు రోజూ పడుతూనే ఉంటాయి. డెస్క్‌లో టైమ్ లేక, రాత్రి పేజీ పెట్టే టెన్షన్‌లో, సున్నా ఒకటి అటో ఇటో జారిపోతుంది. మిలియన్ దగ్గర జారేది ఎక్కువ. ఒక మిలియన్ అంటే పది లక్షలు కాబట్టి 2.5 మిలియన్లు 25 లక్షలు కావాలి. తొందరలో రెండున్నర లక్షలు అయిపోతుంది. లెక్క నిజానికి చాలా సులువు. మిలియన్లను పదితో గుణించి లక్షలు అనాలి. బిలియన్లను వందతో గుణించి కోట్లు అనాలి. ట్రిలియన్లకైతే గుణకారమే వద్దు, అంకెను అలాగే ఉంచి లక్షల కోట్లు అంటే చాలు. 1.2 బిలియన్లు 120 కోట్లు. 0.4 బిలియన్లు 40 కోట్లు. 7 ట్రిలియన్లు 7 లక్షల కోట్లు.

డబ్బు అయితే దీనికి ఇంకో మెట్టు ఉంటుంది, అసలు తప్పు జరిగేది అక్కడే. భారత్ 5 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ కావాలన్న మాట చాలా ఏళ్లుగా వింటున్నాం. దీన్ని 5 లక్షల కోట్ల ఆర్థిక వ్యవస్థ అని హెడ్డింగ్ పెట్టి డాలర్ల మాట మింగేస్తే ఏమవుతుందో చూడండి. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం వ్యయం 50.65 లక్షల కోట్ల రూపాయలు. దేశం మొత్తం సంపాదన 5 లక్షల కోట్లు, ప్రభుత్వం ఒక్కటే పెట్టే ఖర్చు 50 లక్షల కోట్లు అని రెండు వార్తలు పక్కపక్కన వస్తే చదివేవాళ్లు దేన్ని నమ్మాలి? అంకెలు రెండూ తప్పు కావు. డాలరన్న ఒక్క మాట ఎగిరిపోయింది, అంతే. బిలియన్‌ను కోట్లలోకి మార్చడమంటే సున్నాలు సరిచూడడంతో పాటు కరెన్సీనీ చివరి దాకా మోసుకెళ్లడం.

ఇంగ్లీషులో ఈ మాట వాడుకలో ఇంకో సూక్ష్మం ఉంది. ముందు అంకె ఉంటే బిలియన్ ఏకవచనంలోనే ఉంటుంది, రెండైనా ఇరవై అయినా. అంకె లేకుండా బహువచనంలో బిలియన్స్ అన్నారంటే అది లెక్క కాదు, అంచనా. చాలా ఎక్కువ అని చెప్పడమే దాని పని. తెలుగులో దీన్ని ‘బిలియన్ల కొద్దీ’ అని రాయడం కంటే వందల కోట్లు అనొచ్చు. పదుల బిలియన్లు అంటే వేల కోట్లు. మరీ లెక్క ముఖ్యం కాని చోట కోట్లాదిగా అంటే సరిపోతుంది. కచ్చితమైన అంకె లేని చోట కచ్చితంగా ఉన్నట్టు రాయకూడదు. అలాగే ఇంగ్లీషులో ‘సుమారు ఒక బిలియన్’ అని ఉంటే సుమారు వంద కోట్లు అనాలి, సుమారును పారేసి 1,00,00,00,000 అని సున్నాలు పేర్చకూడదు.

సున్నాల మాట వచ్చింది కాబట్టి కామాల సంగతి. అంతర్జాతీయ పద్ధతిలో బిలియన్‌ను 1,000,000,000 అని మూడేసి అంకెలకు కామా పెట్టి రాస్తారు. మన పద్ధతిలో చివరి మూడు అంకెల తర్వాత రెండేసి చొప్పున 1,00,00,00,000 అని రాస్తాం. సంఖ్య ఒకటే. కానీ ఒక పద్ధతికి అలవాటుపడ్డ కన్ను రెండో పద్ధతిలో ఉన్న అంకెను చూసి తడబడుతుంది. అమెరికా క్లయింట్‌కు హైదరాబాద్ నుంచి పంపే ఎక్సెల్ షీట్లలో ఈ గొడవ తరచూ కనిపిస్తుంది. ఒకే ఫైల్లో రెండు రకాల కామాలు పెట్టడమంత చెడ్డ అలవాటు లేదు. చదివేది ఎవరో చూసుకుని ఏదో ఒకటే వాడాలి.

పొడి అక్షరాలు ఇంకా ఇబ్బంది పెడతాయి. కాకినాడ తీరంలోని కేజీ బేసిన్ గ్యాస్ వార్తల్లో రోజువారీ గ్యాస్ పరిమాణానికి ఎంఎంఎస్‌సీఎండీ, ధరకు ఎంఎంబీటీయూ అన్నవి చూస్తుంటాం. టీఎంసీలో ఒక్క ఎం మిలియన్ అయినప్పుడు, ఇక్కడ రెండు ఎంలంటే మిలియన్ మిలియన్లా అని అనుమానం రావడం సహజం. కాదు. చమురు, గ్యాస్ రంగంలో ఎం అంటే రోమన్ అంకెల్లోలా వెయ్యి. రెండు ఎంలంటే వెయ్యి వేలు, అంటే పది లక్షలు. బీటీయూ వేడిని కొలిచే యూనిట్, కాబట్టి గ్యాస్ ధర ఎంఎంబీటీయూకు ఇన్ని డాలర్లు అంటే పది లక్షల బీటీయూలకు అన్నమాట. ఒకే జిల్లా పేజీలో గోదావరి నీళ్ల వార్తలో ఎం మిలియన్, దాని కిందే ఉన్న గ్యాస్ వార్తలో ఎం వెయ్యి. బిలియన్‌కు బీ అని, బీఎన్ అని రెండు రకాలుగా రాయడం దీంతో పోలిస్తే చిన్న సమస్య. ఏదైనా మొదటిసారి వచ్చినప్పుడు విప్పి రాస్తే పాఠకుడికి సాయం చేసినట్టే.

బిలియన్ పెద్దవాటికే కాదు, చాలా చిన్నవాటిని కొలవడానికీ వాడతారు. తాగునీటి పరీక్షల్లో పీపీబీ అంటే వంద కోట్ల భాగాల్లో ఒక భాగం. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒకటి. అంటే ఒక పీపీఎం వెయ్యి పీపీబీలు. ఫ్లోరైడ్‌తో నల్లగొండ జిల్లా పల్లెలు తరాలుగా పడ్డ బాధ తెలిసిందే. అక్కడ ఫ్లోరైడ్ లెక్కంతా పీపీఎంలలో. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము, అంటే ఒక పీపీఎం దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర వరకు ఒప్పుకుంటారు. అదే ఆర్సెనిక్ అయితే లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, అంటే 10 పీపీబీ దాటితే ప్రమాదం. ఫ్లోరైడ్‌కు ఒకటిన్నర, ఆర్సెనిక్‌కు పది అన్న అంకెలే గుర్తుపెట్టుకుని యూనిట్లు మరిచిపోతే, రెండోదానికే ఎక్కువ సడలింపు ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆర్సెనిక్ పరిమితి దానికంటే 150 రెట్లు తక్కువ. పైగా బిలియన్‌కు రెండు అర్థాలున్న ఐరోపా భాషల్లో ఒక పీపీబీ అంటే ఎంతో కూడా వివరించుకోవాల్సి వస్తుంది. అందుకే ల్యాబ్ రిపోర్టుల్లో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు, ఇన్ని మైక్రోగ్రాములు అని ఇస్తారు. అలా రాసిన కాగితాన్ని నల్లగొండలో చదివినా బెర్లిన్‌లో చదివినా ఒకటే అర్థం వస్తుంది.